పేరు లేని పని, జీతం లేని కొలువు: గూడెం యువతకు తోడు నిలిచేటోళ్ల గురించి మనం ఏం అడగాలె?

జగిత్యాల జిల్లా సారంగాపూర్, బీర్‌పూర్ అడవి అంచు గూడేలల్ల గానీ, సిరిసిల్ల జిల్లా వీర్నపల్లి, రుద్రంగి తండాలల్ల గానీ, పదో తరగతి తప్పిన పిల్లగాడి ఇంటికి మొదలు ఎవరొస్తరు? గల్ఫ్ ఏజెంటు వస్తడు. బండి ఫైనాన్స్ ఇప్పిస్త అనేటోడు వస్తడు. ఎలక్షన్లు దగ్గర పడితే జెండా మోయడానికి మనుషులు కావాలని పార్టీ లీడర్ వస్తడు. గొడవ అయితే పోలీసు వస్తడు. "బిడ్డా, మళ్లీ పరీక్ష రాద్దాం, ఫీజు ఎంతో చూద్దాం, ఓపెన్ స్కూల్ ఉన్నది, నీకు ఏది ఇష్టమో కూసోని మాట్లాడుకుందాం" అనేటోడు మాత్రం రాడు. ఎందుకంటే అట్లాంటి పని ఒకటి ఉన్నదని మన ప్రభుత్వాల లెక్కలల్లనే లేదు.

ప్రపంచంల చాలా చోట్ల ఈ పనికి ఒక పేరున్నది: యూత్ వర్కర్. మనం యువజన కార్యకర్త అందాం. టీచర్ పని బడి గోడ దాక. ఆశా కార్యకర్త పని ఆరోగ్యం దాక. అంగన్‌వాడీ పని చిన్న పిల్లలు, బాలింతల దాక. పదిహేనేండ్ల నుంచి ముప్పై ఏండ్ల లోపు వయసుల ఉన్న మనిషికి చదువు, పని, పెండ్లి, అప్పు, మనసు బాధ, హక్కు అన్నీ ఒక్కసారే మీద పడ్తయి. అప్పుడు పక్కన నిలబడి, వాళ్ల తరఫున నిర్ణయం తీసుకోకుండా, వాళ్లే నిర్ణయం తీసుకునేటట్టు తోడు ఉండుడే యువజన కార్యకర్త పని. చెప్పితే చిన్న పని లెక్క కనిపిస్తది. చేసి చూస్తే తెలుస్తది.

ఈ పని మన ఊర్లల్ల అస్సలు జరగట్లేదని కాదు. జరుగుతనే ఉన్నది. డిగ్రీ దాక చదివి ఊర్లె ఉన్న అన్న ఒకరు కుల సర్టిఫికెట్ కోసం మీసేవ నుంచి తహసీల్ ఆఫీసుకు పది మంది పిల్లల కాయితాలు పట్టుకొని తిరుగుతడు. ఒక అక్క పదిహేడేండ్ల పిల్లకు పెండ్లి ఆపాలని ఆ ఇంటోళ్లతోని తిట్లు తింటది. పోడు పట్టా దరఖాస్తు రాసేది వాళ్లే, స్కాలర్‌షిప్ ఫారం నింపేది వాళ్లే, దుబాయ్‌ల జీతం ఇయ్యట్లేదని ఫోన్ వస్తే ఎవరికి చెప్పాల్నో వెతికేది వాళ్లే. పెట్రోల్ వాళ్లదే, ఫోన్ రీచార్జి వాళ్లదే. రెండు మూడేండ్లకు ఇంట్ల ఒత్తిడి పెరుగుతది, వాళ్లు కూడా హైదరాబాద్‌కో, మస్కట్‌కో పోతరు. వాళ్లు నేర్చుకున్నదంతా వాళ్లతోనే పోతది. మళ్లీ ఇంకొకరు మొదటి నుంచి మొదలు పెడ్తరు. మన నష్టం ఇక్కడ ఉన్నది.

యువజన విధానం ఉన్నది, మనిషి లేడు

దేశంల జాతీయ యువజన విధానాలు ఇప్పటికి మూడు వచ్చినయి: 1988, 2003, 2014. 2014 విధానం 15 నుంచి 29 ఏండ్ల వాళ్లను యువత అన్నది, దేశ జనాభాల వాళ్లు 27.5 శాతం అని రాసింది. చదువు, ఉపాధి, ఆరోగ్యం, సామాజిక న్యాయం అన్నీ అందుల ఉన్నయి. కానీ ఇవన్నీ ఊర్లె చేసే మనిషి ఎవరు, వానికి ఏం చదువు కావాలె, ఎంత జీతం, ఎన్నేండ్లు ఉంటడు అంటే జవాబు లేదు.

1972ల నెహ్రూ యువ కేంద్రాలు మొదలైనయి. వాటి కింద 2010-11ల జాతీయ యువ దళం పెట్టిండ్రు. అందుల వాలంటీర్‌కు గౌరవ వేతనం నెలకు 5 వేలు, ఎక్కువల ఎక్కువ రెండేండ్లు. లెక్క జూడండి. 2025-26ల మన రాష్ట్రంల ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. 17 రోజులు మట్టి మోస్తే ఆ 5 వేల కంటే ఎక్కువ వస్తయి. మట్టి పనిని తక్కువ జేసి మాట్లాడుడు కాదిది. నెలంతా ఊరి యువత బాధ్యత మోసేటోనికి కూలీ పాటి లెక్క కూడా కట్టలేదని చెప్పుడు. అదీ రెండేండ్లకే. పని అర్థమయ్యే సరికి గడువు అయిపోతది.

2023 అక్టోబర్ 31న మేరా యువ భారత్ మొదలైంది. పోర్టల్‌ల పేరు నమోదు జేసుకోవాలె. పోర్టల్ మంచిదే. కానీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊర్లె పోర్టల్ ఎవరికి తోడుంటది? 2025ల మన రాష్ట్ర ప్రభుత్వం రాజీవ్ యువ వికాసం ప్రకటించింది: 6 వేల కోట్లు, 5 లక్షల మంది, ఒక్కొక్కరికి 4 లక్షల దాక యూనిట్. దరఖాస్తు పెట్టాలంటే ఆదాయం, కులం, రేషన్ కార్డు అన్నీ సరిగ్గ ఉండాలె, బ్యాంకు ఒప్పుకోవాలె, ఏ యూనిట్ నడుస్తదో తెలువాలె. ఆ జూన్ 2న ఇస్తమన్న మంజూరు పత్రాలు వాయిదా పడ్డయి. స్కీమ్ ఏ పార్టీదైనా కానీ, దానికి యువకునికి నడుమ నిలబడి వివరం జెప్పే మనిషి లేకపోతే, ఆ జాగను దళారీ నింపుతడు. ఖాళీ జాగ ఎప్పుడూ ఖాళీగ ఉండదు.

"సేవ" అని పేరు పెట్టి వాడుకున్న కథలు

ఇప్పటి దాక ఊర్లల్ల యువతను పనికి పెట్టుకున్న తీరు ఒకసారి వరుసగ జూద్దాం.

సాక్షర భారత్ 2009 సెప్టెంబర్ 8న మొదలైంది. ఊరికి కోఆర్డినేటర్లను పెట్టిండ్రు. నెలకు 2 వేలు. 2018 మార్చితోని కార్యక్రమం ముగిసింది, వాళ్ల పని కూడా ముగిసింది. చదువుకున్న ఆదివాసీ, దళిత, బీసీ పిల్లలు ఏండ్ల తరబడి చేసిన పనికి అనుభవ పత్రం కూడా అక్కరకు రాలేదు.

ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు 2020 మార్చిల సమ్మె చేస్తే 7 వేలకు పైగా మందిని తీసేసిండ్రు. రెండేండ్లు దాటినంక, 2022 ఆగస్టుల మళ్లీ తీసుకున్నరు. ఆ రెండేండ్లు వాళ్ల ఇండ్లు ఎట్ల గడిచినయో వాళ్లకే తెలుసు.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌ల 2019 ఆగస్టు 15న గ్రామ, వార్డు వాలంటీర్లు వచ్చిండ్రు. రెండున్నర లక్షల మందికి పైగా. వాళ్లకు కూడా 5 వేలే. 2024ల ప్రభుత్వం మారినంక ఆ వ్యవస్థ ఆగిపోయింది. వాళ్లు ఒక పార్టీ మనుషులని ఒకరు అన్నరు, కాదని ఇంకొకరు అన్నరు. ఆ కొట్లాటల అసలు సంగతి పోయింది: వాళ్ల ఉద్యోగానికి చట్టం లేదు కాబట్టి ఒక్క మాటతోని వచ్చింది, ఒక్క మాటతోని పోయింది.

ఇప్పుడు ఆది కర్మయోగి వచ్చింది. 2025ల కేంద్రం మొదలు పెట్టింది. లక్ష గిరిజన గ్రామాలల్ల 20 లక్షల మందిని తయారు జేస్తమంటున్నరు. ఊర్లె ఆది సేవా కేంద్రం, యువకులు ఆది సహయోగి, ఆది సాథీలు. ఆలోచన మంచిగనే ఉన్నది. మన పిల్లలే మన ఊరి ప్రణాళిక రాస్తరంటే ఎవరు వద్దంటరు? కానీ అడగాల్సిన ప్రశ్న పాతదే: ట్రైనింగ్ అయినంక ఏంది? రెండేండ్లకు ఏంది? ఈ పని చేసినోనికి రేపు ఏ కొలువుల వెయిటేజీ ఉంటది?

గౌరవ వేతనం అనే మాట మీద సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయ్ భరియా కేసుల, అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు 1972 గ్రాట్యుటీ చట్టం కిందికి వస్తరని చెప్పింది. గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన అది వేతనం కాకుండ పోదని ఆ తీర్పు సారం. ఇది మన పిల్లలందరూ గుర్తు పెట్టుకోవాలె. సేవ అనే మాట గొప్పది. కానీ జీతం ఎగ్గొట్టడానికి ఆ మాటను వాడితే, అది సేవ కాదు, వెట్టి.

మన జిల్లాలకు ఇంకో ముడి ఉన్నది

ఆదిలాబాద్, భద్రాచలం దిక్కు ఉన్న మనోళ్లకు ఉన్న కొన్ని రక్షణలు ఇక్కడ లేవు. పాత కరీంనగర్ జిల్లాల ఐదో షెడ్యూల్ ప్రాంతం లేదు. అంటే జగిత్యాల, సిరిసిల్లల 1/70 వర్తించదు, 1996 పెసా చట్టం వర్తించదు, ఐటీడీఏ లేదు. గోండు, నాయకపోడు, లంబాడ పిల్లలు ఇక్కడ మైదాన ప్రాంత గిరిజనులు. జనాభాల చిన్న భాగం, అందుకే ఆఫీసుల గొంతు చిన్నది. నాయకపోడు పిల్లలకు ఎస్టీ సర్టిఫికెట్ కోసం తిరుగుడే ఒక చదువు.

కానీ 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడ కూడా వర్తిస్తది. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగు జేస్తున్న ఎస్టీ కుటుంబానికి హక్కు ఉన్నది, షెడ్యూల్ ప్రాంతమా కాదా అని చట్టం అడగదు. ఈ ఒక్క ముక్క తెలువక ఎంత మంది ఆఫీసర్ల ముందట ఊకున్నరో! 2018ల కొత్త పంచాయతీరాజ్ చట్టంతోని రాష్ట్రంల వెయ్యికి పైగా తండాలు, గూడేలు పంచాయతీలు అయినయి. సర్పంచ్ కుర్చీ వచ్చింది. ఆ గ్రామసభను ఎట్ల నడపాలె, తీర్మానం ఎట్ల రాయాలె అని యువతకు నేర్పే మనిషి మాత్రం రాలేదు. ఐటీడీఏ ఉన్న కాడ కంటే, లేని కాడనే యువజన కార్యకర్త అవసరం ఎక్కువ.

ఇక గల్ఫ్ సంగతి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల అంటే దుబాయ్, మస్కట్ అని దేశమంతా తెలుసు. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. సిరిసిల్ల మగ్గం మీద కొత్త తరం కూసుంటలేదు. కోరుట్ల దిక్కు ఆడపిల్లలకు బీడీల చాటనే దిక్కు. అందుకే విమానం ఎక్కుతున్నరు. పదో తరగతి పాస్ కానోళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తది. దానితోని గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ఇమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె, దానితోని 10 లక్షల ప్రవాసీ బీమా కూడా వస్తది. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఈ రెండూ లేకుండ చేస్తడు. ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉన్నదని, అది విదేశీ కొలువులకు పంపుతదని మన గూడేలల్ల ఎంత మందికి తెలుసు? సిరిసిల్ల జిల్లా మనుషులు ఐదుగురు దుబాయ్ జైల్ల 18 ఏండ్లు ఉండి ఇంటికొచ్చిండ్రు. 2024ల సిరిసిల్ల యువకుడు ఒకరు కొలువని నమ్మి పోయి కంబోడియాల సైబర్ మోసాల ముఠా చేతిల చిక్కిండు. గల్ఫ్‌ల చనిపోయినోళ్ల ఇంటికి 5 లక్షలు ఇస్తమని 2024ల రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. మంచిదే. శవపేటిక వచ్చినంక ఇచ్చే 5 లక్షల కంటే ముందుగాల, పాస్‌పోర్టు తీసే రోజున పక్కన కూసోని వీసా చదివి చెప్పే మనిషికి ఇచ్చే జీతం తక్కువనే అయితది కదా?

యువకుడు అంటే కేసు ఫైలు కాదు

ఈ నేల మీద యువత గురించి మాట్లాడేటప్పుడు 1978ని దాటి పోలేం. ఆ ఏడు సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. రైతు కూలీలు, యువకులు వేలాదిగ నడిచిండ్రు. అక్టోబర్‌ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగ ప్రకటించిండ్రు. అప్పటి నుంచి చాలా ఏండ్ల దాక ఇక్కడ నలుగురు యువకులు ఒక చెట్టు కింద కూసుంటే అనుమానమే. సంఘం పెడితే అనుమానం, పుస్తకం చదివితే అనుమానం. ఆ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉంటది. కానీ ఒక సంగతి మిగిలింది: ఈ ప్రాంతంల ప్రభుత్వం యువతను మొదటిసారి చూసింది పోలీసు కన్నుతోనే.

ఇప్పటికి కూడా ఆ నీడ పోలేదు. ఆదివాసీ ఊర్లల్ల వాలీబాల్ పోటీలు, జాబ్ మేళాలు, మెడికల్ క్యాంపులు పోలీసు శాఖ పెడ్తది. కిట్లు వస్తయి, ఫొటోలు వస్తయి. ఆడుకునే పిల్లగాడు సంతోషపడ్తడు, అది తప్పు కాదు. కానీ ఇంట్ల కష్టం, మందు అలవాటు, చచ్చిపోదామనే ఆలోచన ఇవన్నీ యూనిఫాం ముందట ఎవరు విప్పి చెప్తరు? టెలి మానస్ 14416 నంబర్ 2022 అక్టోబర్ నుంచి ఉన్నది, ఉచితం, తెలుగుల మాట్లాడ్తరు. ఆ నంబర్ రాసిన కాయితం గోడ మీద ఉంటే సరిపోదు. "పా, ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం" అనే మనిషి కావాలె. ఆ మనిషి పోలీసు కాకూడదు, పార్టీ కాకూడదు.

డిగ్రీ పెడితే మనోళ్లే బయటికి పోతరా?

ఇప్పుడు అసలు చిక్కు. "దీన్ని వృత్తిగ గుర్తించాలె" అంటే, వెంటనే "అయితే ఎంఎస్‌డబ్ల్యూ చదివినోళ్లే రావాలె" అంటరు. మాల్టా 2014ల యువజన కార్యకర్తల వృత్తి మీద చట్టమే తెచ్చింది. బ్రిటన్‌ల భాగమైన వేల్స్‌ల 2017 నుంచి అర్హత ఉన్న యూత్ వర్కర్ పేరు రిజిస్టర్ చేసుకోవాలె. మన దేశంల శ్రీపెరంబుదూర్‌ల రాజీవ్ గాంధీ జాతీయ యువజన అభివృద్ధి సంస్థ 1993 నుంచి ఉన్నది, 2012 చట్టంతోని జాతీయ ప్రాముఖ్యత కూడా వచ్చింది, అక్కడ ఈ చదువు చెప్తరు. అంటే చదువు ఉన్నది, కొలువుకు పేరు లేదు. రేపు పేరు వస్తే మాత్రం పట్నం పిల్లలు సర్టిఫికెట్ పట్టుకొని వస్తరు, గోండి రాదు, లంబాడి రాదు, నాలుగు నెలలకు బదిలీ పెట్టుకుంటరు. పదేండ్లుగ ఊర్లె పని చేసిన అన్న, అక్క మళ్లీ బయటనే ఉంటరు.

ఈ భయం నిజమైనదే. కానీ ఆ భయంతోని గుర్తింపే వద్దంటే, ఉన్న ఐదు వేల వెట్టిని మనమే ఒప్పుకున్నట్టు. దారి ఇంకోటి ఉన్నది. అనుభవాన్ని అర్హతగ లెక్క కట్టాలె. ఇన్నేండ్లు ఊర్లె పని చేసినోనికి నేరుగ మొదటి మెట్టు సర్టిఫికెట్, ఆ పని చేసుకుంటనే దూరవిద్యల డిప్లొమా, తర్వాత డిగ్రీ. ఊరి భాష వచ్చుడు తప్పనిసరి అర్హత కావాలె.

ఇక్కడ జీవో 3 పాఠం మరువొద్దు. 2000 సంవత్సరంల షెడ్యూల్ ప్రాంతాల టీచర్ కొలువులన్నీ స్థానిక గిరిజనులకే అని ఇచ్చిన ఆ జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్నది. జీవో మీద కట్టిన ఇల్లు ఎప్పుడైనా కూలుతది. అందుకే భాష, స్థానిక నివాసం, పని అనుభవం అనే అర్హతలను చట్టంలనే రాయించుకోవాలె.

రెండో అనుమానం: జీతం ఇస్తే సర్కారు మనిషి అయిపోడా? ఫారెస్టోళ్లు పోడు భూమిల గుంతలు తవ్వితే ఊరి వైపు నిలబడ్తడా? దీనికి జవాబు మన రాష్ట్రంలనే ఉన్నది. ఉపాధి హామీ సామాజిక తనిఖీ 2006 నుంచి ఇక్కడ నడిచింది, 2009ల దాని కోసం ప్రత్యేక సొసైటీ వచ్చింది. కూలీల ఇండ్లల్ల చదువుకున్న పిల్లలనే తీసుకొని, ట్రైనింగ్ ఇచ్చి, రికార్డులు చేతికి ఇచ్చిండ్రు. వాళ్లు ఇంటింటికీ తిరిగి, ఆఫీసర్ల ముందటనే ఊరి సభల "ఈ మస్టర్ దొంగది" అని చదివి వినిపించిండ్రు. లోపాలు ఎన్ని ఉన్నా, సర్కారు పైసతోని పని చేసే ఊరి పిల్లగాడు సర్కారును నిలదీయొచ్చని అది చూపించింది. ఆ పని చేసే శాఖ నుంచి తనిఖీ సంస్థను వేరుగ పెట్టినందుకే అది సాధ్యమైంది. యువజన కార్యకర్త జీతం కూడా అట్లనే వేరే సంస్థ నుంచి రావాలె, వాని పని మీద లెక్క గ్రామసభకు చెప్పాలె.

మనం అడగాల్సినయి

ఒకటి. యువజన కార్యకర్త అనే కొలువును రాష్ట్ర చట్టంతోని గుర్తించాలె. కనీస వేతనం, పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు ఉండాలె. తీసేయాలంటే కారణం రాసి, గ్రామసభ ముందట పెట్టాలె.

రెండు. ఎస్టీ ఊర్లల్ల ఈ జీతాలకు 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద పైసలు పక్కకు పెట్టాలె. ఆ నిధి రోడ్లకు, బిల్డింగులకే కాదు, మనుషులకు కూడా.

మూడు. ప్రతి గూడెం, తండా పంచాయతీకి ఇద్దరు, అందుల ఒక్కరు తప్పకుండ ఆడబిడ్డ. ఆడపిల్ల తన బాధ ఆడబిడ్డకే చెప్పుకుంటది.

నాలుగు. సాక్షర భారత్, యువ దళం, ఆది కర్మయోగి, ఏ పేరుతోనైనా చేసిన పనిని అనుభవంగ లెక్క కట్టాలె.

ఐదు. షెడ్యూల్ ప్రాంతం కాని జిల్లాలను మొదలు పెట్టాలె. ఐటీడీఏ లేని జగిత్యాల, సిరిసిల్ల నుంచే మొదలు కావాలె.

ఈ లిస్టు సర్కారుకే కాదు. సంఘాలు కూడా లెక్క చెప్పాలె. ధర్నాకు బస్సు నింపడానికి, ఫ్లెక్సీ కట్టడానికి, జోడేఘాట్ వర్ధంతికి మనుషులను తరలించడానికి యువత కావాలె గానీ, కమిటీల వాళ్లకు ఒక కుర్చీ, ఖర్చులకు నాలుగు పైసలు ఉండవా? సర్కారును నిలదీసే ముందు, మన సంఘం పని మీద తిరిగే పిల్లగాని పెట్రోల్ పైసలు మనం ఇస్తున్నమా అని అడుగుదాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ నెలల చేయగలిగిన పనులు రెండున్నయి. మీ జిల్లా గిరిజన అభివృద్ధి అధికారి ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి, ఫీజు 10 రూపాయలు, జవాబు 30 రోజులల్ల రావాలె: ప్రత్యేక అభివృద్ధి నిధిల మా జిల్లా యువతకు మూడేండ్లల్ల ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? రెండోది, వచ్చే గ్రామసభల పై ఐదు డిమాండ్లను తీర్మానంగ రాయించి, సంతకాలు పెట్టించి, నకలు దగ్గర పెట్టుకోండ్రి. ఒక ఊరి తీర్మానం కాయితమే. యాభై ఊర్ల తీర్మానాలు కలెక్టర్ టేబుల్ మీద పెడితే, దానికి జవాబు చెప్పక తప్పదు.

మన పిల్లలకు తోడు నిలిచే పనికి పేరు పెట్టించుకుందాం. పేరు ఉంటేనే జీతం అడగొచ్చు, జీతం ఉంటేనే మనిషి నిలబడ్తడు, మనిషి నిలబడితేనే పదో తరగతి తప్పిన పిల్లగాని ఇంటికి ఏజెంటు కంటే ముందు మనోడు పోతడు.

జల్, జంగల్, జమీన్ మనది. మన యువత కూడా మన బాధ్యతనే.

జై ఆదివాసీ!